పూస దొరికింది, చోటు పోయింది

(విశాఖపట్నంలో ఇంటర్, డిగ్రీ విద్యార్థుల కోసం, వాళ్ల తల్లిదండ్రుల కోసం చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల దాకా వినబడుతోందా? సరే.

ఇందాక లోపలికి వస్తుంటే గుమ్మం దగ్గర ఒక నాన్నగారు నన్ను ఆపారు. "మేడమ్, మా అమ్మాయికి ఎంపీసీలో మంచి మార్కులే వచ్చాయి. ఇప్పుడేమో పురావస్తు శాస్త్రం అంటోంది. మీరైనా కాస్త చెప్పండి" అన్నారు. ఏం చెప్పమంటున్నారో ఆయన మొహంలోనే తెలిసిపోయింది. (నవ్వులు) చెప్తానండీ. మీరు అనుకున్నదే చెప్తానో లేదో మాత్రం హామీ ఇవ్వలేను.

మా ఇంట్లోనూ ఇదే గొడవ జరిగింది. ముప్పై ఏళ్లు దాటింది. "తవ్వకాల పనికి డిగ్రీ ఎందుకే, పార ఉంటే చాలదూ?" అన్నారు మా నాన్న. మా బంధువుల్లో ఇప్పటికీ ఏ పెళ్లికి వెళ్లినా ఒకటే ప్రశ్న: "లంకెబిందెలు ఏవైనా దొరికాయా?" దొరకలేదండీ. దొరికితే ఇంకా పెద్ద తలనొప్పి. 1878 నాటి నిక్షేపాల చట్టం ఒకటుంది. నేలలో దాగిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి చెప్పాల్సిందే. పది రూపాయలు! ఇప్పుడు టీ కూడా రాదు.

లంకెబిందెల ప్రశ్న విని నవ్వుకుంటాం గానీ, నేనూ మొదట్లో అదే ఆశతో వెళ్లాను. నా మొదటి తవ్వకం సంగతి చెప్తాను. ఎక్కడ, ఏ ఏడు అన్నది వదిలేద్దాం, తప్పు నాదే కాబట్టి. మన ఉత్తరాంధ్రలోనే ఒక కొండ. క్యాంపులో అమ్మాయిలం ముగ్గురమే. నాలుగో రోజు మధ్యాహ్నం, గొయ్యి మూలలో మట్టి తీస్తుంటే ఎర్రటి పూస కనిపించింది. కార్నీలియన్ రాయి. ఎండలో పెడితే లోపల దీపం వెలిగినట్టుంటుంది. చటుక్కున తీసేసి, చీర కొంగుతో తుడిచి, పరుగెత్తుకుంటూ వెళ్లి మా సార్ చేతిలో పెట్టాను. మెచ్చుకుంటారనుకున్నాను.

ఆయన పూస వంక కూడా చూడలేదు. "ఎక్కడిది?" అన్నారు.

"మూడో ట్రెంచ్‌లోది సార్."

"ట్రెంచ్ సరే. ఏ పొర? ఎంత లోతు? గోతిలోదా, నేల మీదదా?"

నాకు తెలీదు. వెనక్కి వెళ్లి చూస్తే నేను తీసిన చోట నా చెప్పుల గుర్తులే ఉన్నాయి. పక్కనే తట్ట పట్టుకుని ఒక పెద్దాయన నిలబడ్డారు. భీమిలి వైపు ఊరాయన, చాలా తవ్వకాల్లో పనిచేసినవారు. మేమంతా మావయ్యా అని పిలిచేవాళ్లం. "ఏటమ్మా, ఆ మూల మట్టి మారిపోనాది, సూడనేదా?" అన్నారు. నాకు అంతా ఒకే ఎర్రమట్టి. ఆయన తాపీ మొనతో గీసి చూపించాక అప్పుడు కనబడింది: ఒకపక్క గట్టి మట్టి, ఒకపక్క బూడిద కలిసిన వదులు మట్టి. ఎప్పుడో ఎవరో తవ్వి పూడ్చిన గొయ్యి అది. నా పూస గట్టి మట్టిలో ఉండి ఉంటే పాత కట్టడం కాలానిది అనొచ్చు. వదులు మట్టిలో ఉంటే తర్వాతెప్పుడో పడింది అనొచ్చు. ఇప్పుడు రెండూ అనడానికి లేదు. సార్ నోట్‌బుక్‌లో ఒక్క ముక్క రాసుకున్నారు: "పూస, చోటు తెలియదు." ఆ పూస ఇప్పటికీ ఏదో డబ్బాలో అదే చీటీతో ఉండి ఉంటుంది.

పురావస్తు శాస్త్రంలో డిగ్రీ చదవడమంటే ఏమిటని మీరడిగితే, ఆ "ఎక్కడిది?" అన్న ప్రశ్న వెయ్యడం రెండు మూడేళ్ల పాటు నేర్చుకోవడమే అంటాను. వస్తువులు ఎవరికైనా దొరుకుతాయి. రైతు నాగలికి దొరుకుతాయి, రోడ్డు వేసే జేసీబీకి దొరుకుతాయి, గుప్తనిధుల కోసం అర్ధరాత్రి గుడి వెనక తవ్వే దొంగకీ దొరుకుతాయి. ఆ దొంగ ఎత్తుకుపోయేది ఒక విగ్రహమే. దాని చుట్టూ ఉన్న మట్టిని చిందరవందర చేసి పోతాడు చూడండి, అది ఇంకెవ్వరూ తిరిగి తేలేరు.

భీమాళి మామిడి తాండ్ర తిన్నారు కదా. ఒక పూత ఆరాక దాని మీద ఇంకో పూత, అది ఆరాక మరొకటి. అడుగున ఉన్నది ముందు పోసినది. నేల పొరలూ అంతే. కానీ తాండ్ర ఆరబెట్టిన చోట పిల్లాడొకడు వేలు పెట్టి పొడిచాడనుకోండి, పై పూత కిందికి దిగిపోతుంది. నేలలోనూ ఎలుక బొరియలు, చెట్ల వేళ్లు, చెత్తగోతులు, స్తంభాల గుంతలు అదే పని చేస్తాయి. శాతవాహనుల పొరలో సోడాసీసా మూత కనిపించిందంటే శాతవాహనులు సోడా తాగారని కాదు, నేను గొయ్యి అంచు గుర్తుపట్టలేదని. అందుకే తవ్విన గొయ్యి గోడని నున్నగా చెక్కి, ఏ పొర ఎక్కడ మొదలై ఎక్కడ తెగిందో గ్రాఫ్ కాగితం మీద గీస్తాం. గొయ్యికీ గొయ్యికీ మధ్య తవ్వకుండా గట్టు వదిలేస్తాం. తవ్వడం అంటే చెరిపెయ్యడమేనండీ. ఒక పేజీ చదవగానే చింపెయ్యాల్సిన పుస్తకం ఉందనుకోండి, ఎంత జాగ్రత్తగా నోట్సు రాసుకుంటారు!

పెద్దపెద్దవాళ్లే ఇక్కడ బోల్తా పడ్డారు. హైన్రిఖ్ ష్లీమాన్ అనే జర్మన్ వ్యాపారి, గ్రీకు కవి హోమర్ కావ్యంలోని ట్రాయ్ నగరం వెతకాలని 1870ల్లో టర్కీలోని హిసార్లిక్ దిబ్బని అడ్డంగా కోసేశాడు. 1873లో బంగారు నగలు దొరికాయి. ట్రాయ్ రాజు ప్రియమ్ సొత్తు ఇదేనని ప్రకటించాడు. తీరా అవి దొరికిన పొర, ట్రోజన్ యుద్ధం జరిగిందనుకునే కాలం కంటే వెయ్యేళ్లకు పైగా పాతది! తనకు కావాల్సిన నగరం పొరల్ని ఆ హడావుడిలో తనే తవ్వి పారబోశాడు. నా పూసకి ఆయన బంగారం అన్నగారన్నమాట. (నవ్వులు)

ఇక రోజువారీ పని. సినిమాల్లో బ్రష్షు పట్టుకుని దుమ్ము ఊదే సీన్లు మర్చిపోండి. మా క్యాంపులో సగం రోజులు కుండపెంకులు కడగడంతోనే సరిపోయింది. పాత టూత్‌బ్రష్‌తో ఒక్కొక్కటీ కడిగి, గోనెల మీద ఆరబెట్టి, ప్రతి పెంకు మీదా సన్నగా ఇంకుతో స్థలం గుర్తు, ట్రెంచ్ నంబరు, పొర నంబరు రాయడం. తర్వాత అంచు, నడుము, అడుగు అని వేరు చెయ్యడం. అంచుముక్క వేలెడంత ఉన్నా దాని వంపుని బట్టి కుండ మూతి ఎంత వెడల్పో చెప్పొచ్చు. లోపల నలుపు, బయట ఎరుపు ఉన్న పెంకులు మన వైపు చాలా దొరుకుతాయి. కుండని బోర్లించి కాల్చితే గాలి తగలని లోపలి భాగం నల్లబడుతుంది. అది పొయ్యి మసి కాదు. ఆ తేడా తెలియడానికి నాకు వారం పట్టింది.

ఒకరోజు మా అమ్మ నన్ను చూడ్డానికి క్యాంపుకి వచ్చింది. బల్ల మీద చిల్లులున్న పెంకులు కొన్ని విడిగా పెట్టి, పక్కన చీటీ అంటించాం: "చిల్లుల పాత్ర, బహుశా పూజకు వాడినది." మీకో రహస్యం చెప్తాను. దేనికి వాడారో తెలీనప్పుడల్లా మావాళ్లు "పూజకు" అని రాసేస్తుంటారు. మా అమ్మ ఆ పెంకు చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. "పూజేమిటే నీ మొహం. ఇది సిబ్బి. కుండ మీద పెట్టి గంజి వార్చుకుంటారు. మా అమ్మమ్మ ఇంట్లో మట్టిదే ఉండేది" అంది. క్యాంపంతా గొల్లున నవ్వాం. సార్ మాత్రం నవ్వలేదు. చీటీ మార్చమని చెప్పి, "అమ్మగారు చెప్పింది నిజమై ఉండొచ్చు. ఇప్పుడు దాన్ని రుజువు ఎలా చేస్తావు?" అని నన్ను అడిగారు. చిల్లుల అరుగుదల చూడాలి, పెంకు సందుల్లో పిండిపదార్థం మిగిలిందేమో ప్రయోగశాలలో పరీక్షించాలి, అది పొయ్యి దగ్గర దొరికిందా లేక స్తూపం దగ్గరా అన్నది చూడాలి. మళ్లీ అదే: ఎక్కడిది?

సరే, మన ఊరి కొండ దగ్గరికి వద్దాం. తొట్లకొండకి ఎంతమంది వెళ్లారు? చాలామందే. ఫొటోలకి వెళ్లినవాళ్లు కూడా చెయ్యెత్తారు, పర్లేదు. బీచ్ రోడ్డులో భీమిలి వైపు పోతుంటే ఎడమచేతి కొండ. 1970ల్లో నౌకాదళం వాళ్లు విమానంలోంచి సర్వే చేస్తుండగా బయటపడింది. 1988 నుంచి 1993 దాకా రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వింది. ఒక బౌద్ధ విహారం బయటపడింది: స్తూపం, చైత్యగృహాలు అనే ప్రార్థనామందిరాలు, భిక్షువుల గదులు, భోజనశాల. వాననీళ్లు పట్టుకోవడానికి రాతిలో తొలిచిన తొట్లు ఉన్నాయి కనకే తొట్లకొండ. పక్క కొండ మీద బావులున్నాయి, అది బావికొండ. శాసనాలు చదవడం రాకపోయినా మన ఊరివాళ్లు ఆ కొండలకి పెట్టిన పేర్లు ఎంత సరిగ్గా ఉన్నాయో చూడండి. కొండ మీద అంతమంది బతకాలంటే మొదటి సమస్య నీళ్లు. ఆ సమస్యే కొండ పేరుగా మిగిలింది.

తొట్లకొండ మీద శాతవాహనుల సీసపు నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు దొరికాయి. ఈ మాట చెప్పగానే ఎవరో ఒకరు "అయితే రోమన్లు వైజాగ్ వచ్చారన్నమాట!" అంటారు. ఆగండి. నా పర్సులో ఒక సింగపూర్ డాలరు ఉంది. నేను సింగపూర్ వెళ్లలేదు. మా తమ్ముడు వెళ్లొచ్చి ఇచ్చాడు. వాడికి ఇంకెవరిచ్చారో. రోమ్‌లో ముద్రించిన వెండి ఎన్ని చేతులు మారి మన కొండెక్కిందో ఆ నాణెం చెప్పదు. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తుంది. మీ ఇంటి పునాదిలో, ఎవరూ కదపని చోట 1965 నాటి పైసా దొరికితే ఆ పునాది 1965 కంటే ముందు వేసింది కాదు. తర్వాత ఎప్పుడైనా కావచ్చు, ముందు మాత్రం కాదు. రోమన్ చక్రవర్తి బొమ్మ ఉన్న నాణెం కూడా అది పడివున్న పొరకి అలాంటి హద్దే వేస్తుంది.

అందుకే మన నేల తవ్వేవాళ్లకి గ్రీకు, రోమన్ చరిత్ర తెలియాలంటాను. అది పాశ్చాత్యుల మీద మోజు కాదు. పుదుచ్చేరి పక్కన అరికమేడు ఉంది. 1945లో మార్టిమర్ వీలర్ అనే బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త అక్కడ తవ్వితే ఇటలీలోని అరెజ్జో రకం ఎర్రని మెరుగు పళ్లేల ముక్కలు దొరికాయి. ఆ పళ్లేలు ఏ దశాబ్దాల్లో చేశారో ఇటలీ లెక్కల్లో ఉంది. వాటితో పాటే లోపల సన్నటి గీతల వలయాలున్న మరో రకం పెంకులు దొరికాయి. వాటికీ ఆ కాలమే వేశారు. ఆ గీతల పెంకులు మన తూర్పు తీరం పొడవునా చాలాచోట్ల దొరుకుతాయి. ఇంకేం, ఇటలీ పళ్లెం పట్టుకుని మన తీరం మొత్తానికి తేదీలు వేసుకుంటూ పోయారు. తర్వాత 1989 నుంచి 1992 దాకా విమలా బెగ్లీ బృందం అరికమేడులో మళ్లీ తవ్వి, అక్కడి జనావాసం వీలర్ చెప్పినదానికంటే ముందే మొదలైందని తేల్చింది. గీతల కుండలు మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చాయని మొదట్లో అనుకున్నారు. మట్టిని పరీక్షిస్తే అవి ఇక్కడివే. పాఠం మారిపోయింది. నేను చదివిన నోట్సులో సగం ఇప్పుడు తప్పు. మీకు చెప్పే పాఠంలోనూ కొంత ముందుముందు తప్పని తేలుతుంది. అందులో నాకు బాధేమీ లేదు, పరీక్ష పేపరు దిద్దేటప్పుడు తప్ప.

అశోకుడి సంగతి ఇంకా దగ్గరది. కళింగ యుద్ధం గురించి చదివారు కదా. మన ఈ తీరమంతా ఆ రోజుల్లో కళింగమే. లక్షమంది చచ్చిపోయారు, లక్షన్నర మందిని తరలించారు, నాకు పశ్చాత్తాపంగా ఉంది అని ఆయన చెప్పుకున్నది పదమూడో శిలాశాసనంలో. కర్నూలు వైపు ఎర్రగుడి బండల మీద అది ఉంది. కానీ కళింగంలోనే ఉన్న ధౌళి, జౌగడ బండల మీద ఆ శాసనం చెక్కించలేదు! దెబ్బ తిన్నవాళ్ల ఊళ్లో తప్ప మిగతా చోట్ల క్షమాపణ. ఎందుకన్నది మీరే ఆలోచించండి, నేను క్లాసులో దీని మీద గంట సేపు గొడవ పెట్టిస్తాను. ఆ శాసనంలోనే అంతియోక, తురమాయ, అంతికిని, మక, అలికసుదర అని ఐదుగురు యవన రాజుల, అంటే గ్రీకు రాజుల, పేర్లున్నాయి. ఆంటియోకస్, టాలెమీ, ఆంటిగోనస్, మాగస్, అలెగ్జాండర్. ఈ అలెగ్జాండర్ మనకి తెలిసిన అలెగ్జాండర్ కాదు, తర్వాతివాడు. ఆ ఐదుగురూ ఒకేసారి బతికున్న ఏళ్లు కొన్నే, క్రీస్తు పూర్వం మూడో శతాబ్దం మధ్యలో. లిబియా తీరాన్ని ఏలిన మాగస్ క్రీస్తు పూర్వం 250 ప్రాంతంలో పోయాడు. గ్రీకుల వైపు ఆ లెక్క తెలియకపోతే అశోకుడు ఏ శతాబ్దంవాడో ఇంత నమ్మకంగా చెప్పలేకపోయేవాళ్లం. ఎర్రగుడి బండకి తేదీ వేసే తాళంచెవి లిబియా తీరంలోని రాజు దగ్గరుంది మరి.

మీ ఇంట్లో పంచాంగం తీయండి. హోర అంటారు, గ్రీకు మాట. జాతకచక్రంలో కేంద్రం గ్రీకు 'కెంట్రోన్' నుంచి వచ్చింది. పెళ్లి చూసే ఏడో స్థానాన్ని జామిత్రం అంటారు, అది 'డయామెట్రోస్'. అరకు రైల్లో పిల్లలు కేకలు వేస్తూ లెక్కపెట్టే సొరంగం కూడా 'సిరింక్స్' అనే గ్రీకు మాట నుంచి సంస్కృతం మీదుగా వచ్చిందని పండితులు చెప్తారు. అటువైపు నుంచి చూస్తే, ఈజిప్టులో ఎర్రసముద్రం ఒడ్డున బెరెనికే రేవులో మన దేశంలో చేసిన కూజా నిండా ఏడున్నర కిలోల మిరియాలు దొరికాయి. క్రీస్తు శకం 79లో అగ్నిపర్వతం బూడిద కింద పడిన ఇటలీ నగరం పాంపేయిలో మన దేశపు దంతపు బొమ్మ ఒకటి 1938లో బయటపడింది. రాకపోకలు రెండువైపులా ఉన్నాయి.

అయితే మాటలు ఒకేలా వినబడగానే ఎగరకండి. మొదటి శతాబ్దపు గ్రీకు నావికుడొకడు ఎర్రసముద్రం నుంచి మన తీరం దాకా రేవుల వివరాలు రాసిపెట్టాడు. అందులో సన్నని నూలుబట్టలు దొరికే మసాలియా అనే ప్రాంతం ఉంది. అది కృష్ణా నది ముఖద్వారం వైపే అయివుంటుంది, మచిలీపట్నంతో పేరు కలుస్తోంది కూడా. కానీ పేరు కలిసినంత మాత్రాన తేదీ కలవదు. నేలలో రుజువు దొరకాలి. వాట్సాప్‌లో వచ్చే చరిత్రలో ఎక్కువ భాగం ఇలా పేర్లు కలిపేదే.

ఇక గుమ్మం దగ్గర కలిసిన నాన్నగారికి. మీ అమ్మాయి ఎంపీసీ వృథా పోదండీ. బొగ్గు ముక్క వయసుని అందులో మిగిలిన కార్బన్-14ని బట్టి కడతాం. అది సగం కావడానికి 5,730 ఏళ్లు. పావు వంతు మిగిలితే ఎన్నేళ్లో ఇక్కడి ఎంపీసీ పిల్లలు నోటితో చెప్పేస్తారు. కానీ ఆ లెక్క చెట్టు ఎప్పుడు చచ్చిందో చెప్తుంది, ఇల్లు ఎప్పుడు కట్టారో కాదు. తాతగారి ఇంటి టేకు దూలం తెచ్చి కొత్తింటికి వేసుకుంటాం కదా. లెక్క వచ్చినవాళ్లూ ఈ అనుమానం వచ్చినవాళ్లూ ఒకరే అయితే మాకు పండగ. సర్వే, డ్రోన్ ఫొటోలు, మట్టి రసాయనం, పాత గింజలు, ఎముకలు, తీరం వెనక్కి ముందుకీ ఎలా జరిగిందన్న భూగర్భ శాస్త్రం, అన్నింటికీ మనుషులు కావాలి.

చదువుకి మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చరిత్ర, పురావస్తు శాఖ ఉంది. బయటికి వెళ్లగలిగితే పుణె డెక్కన్ కాలేజీ, బరోడా మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయం పేరున్నవి. పీజీ అయ్యాక గ్రేటర్ నోయిడాలో కేంద్ర పురావస్తు సంస్థ వాళ్ల రెండేళ్ల డిప్లొమా ఉంది. శాసనాల మీద ఇష్టముంటే ఆ సంస్థ శాసన విభాగం మైసూరులో ఉంది. శాసనాలు కావాలంటే మైసూరు దాకా కూడా అక్కర్లేదు, సింహాచలం గుడిలోనే ఐదు వందలకు పైగా ఉన్నాయి, శ్రీకృష్ణదేవరాయలు వేయించినవి కూడా. దర్శనం క్యూలో నిలబడి గోడ చూడండి, ఫోన్ కాకుండా. గ్రీకు, లాటిన్ చదవాలంటే మాత్రం ఇక్కడ అంత తేలిగ్గా కుదరదు. బ్రిటన్‌లో క్లాసిక్స్ అంటే ఆ భాషలతో చదివే కోర్సు, క్లాసికల్ సివిలైజేషన్ అంటే ఎక్కువగా అనువాదాలతో చదివేది. దరఖాస్తు పెట్టేముందు రెంటికీ తేడా చూసుకోండి.

ఉద్యోగాల గురించి దాచను. పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లు ఆలస్యం, చాలామంది ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీదే ఉంటారు. నాకు పర్మినెంటు అయ్యేసరికి మా అబ్బాయి స్కూల్లో చేరిపోయాడు. ఆ టెన్షన్ నేను పడ్డాను కాబట్టి అంతా బాగుంటుందని మీకు చెప్పలేను. మ్యూజియంలు, వారసత్వ కట్టడాల పరిరక్షణ, బోధన, సివిల్స్‌కి చరిత్ర, ఇలా దారులున్నాయి. ఇంట్లో వెంటనే జీతం కావాల్సిన పరిస్థితి ఉంటే ముందు అది చూసుకోండి, చరిత్ర ఎక్కడికీ పోదు. అది లేదంటే, అమ్మాయికి నిజంగా ఇష్టముందో లేదో పెంకులు కడిగే ఒక్క క్యాంపుకి పంపి చూడండి. రెండో వారం కూడా ఉందంటే ఇంక ఆపి లాభం లేదు.

అన్నట్టు, వచ్చే ఆదివారం తొట్లకొండకి వెళ్తున్నాం. పొద్దున్న ఆరున్నరకి ఇక్కడే గేటు దగ్గర ఉండండి, ఎండెక్కితే కొండ మీద నిలబడలేం. నీళ్లు, టోపీ, ఒక నోట్‌బుక్కు, పెన్సిలు. బిస్కెట్ల కవర్లు మళ్లీ మీ సంచిలోనే తెచ్చుకోండి. తల్లిదండ్రులు కూడా రావచ్చు, సిబ్బి గుర్తుపట్టేవాళ్లు మాకు చాలా అవసరం. కాలికింద పెంకో పూసో ఏదైనా కనబడితే తియ్యకండి. అక్కడే నిలబడి నన్ను కేకెయ్యండి. నేనే మీ దగ్గరికి వస్తాను.